అన్ని విధాలా సమానమైన ప్రాసెసర్

మా దక్కన్ గణనయంత్ర నిర్మాణ సంస్థలో కంప్యూటర్లు తయారవుతాయని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు నమ్మరు. నమ్మినవాళ్లు మాత్రం చచ్చినా కొనరు. అయినా సంస్థ ముప్ఫై ఐదేళ్లుగా నిక్షేపంలా నడుస్తోందంటే ఆ పుణ్యం ప్రాచీన పత్రాల పరిరక్షణ శాఖది. మా దగ్గర తప్ప ఇంకెక్కడా కంప్యూటర్లు కొనకూడదని ఆ శాఖకి ఎప్పుడో ఒక ఉత్తర్వు వచ్చింది. అది ఎవరు, ఎందుకు ఇచ్చారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు కాబట్టి రద్దు చేసే ధైర్యమూ ఎవరికీ లేదు.

నేను అక్కడ కొనుగోళ్ల విభాగం సూపరింటెండెంటుని. పేరు సుందరశివం. ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసులో ఏ ఫైలు మీదా సొంత అభిప్రాయం రాయలేదన్న మంచి పేరు నాకుంది.

కథ మొదలైంది ఒక ఉత్తరంతో. మా కంప్యూటర్లకు ప్రాసెసర్లు పంపే పాత కంపెనీ వాళ్లు రాశారు. "అయ్యా, ఈ మోడలు మేము పద్నాలుగేళ్లుగా మీ ఒక్కరి కోసమే తయారు చేస్తున్నాము. దీన్ని తయారుచేసే యంత్రం నడపడం తెలిసిన ఆఖరి ఉద్యోగి వచ్చే నెల రిటైరవుతున్నారు. ఆయన్ని ఉండమని బతిమాలాము. ఉండనన్నారు. కాబట్టి ఇకమీదట పంపలేము."

స్టోర్లో చూస్తే నాలుగు వేల ప్రాసెసర్లున్నాయి. లైన్లో రోజుకి వంద కంప్యూటర్లు తయారవుతాయి. అంటే నలభై పనిదినాలు. ఆ లైను మీద పనిచేసేది అరవై రెండు మంది ఆడవాళ్లు, అందరూ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. సరుకు నిండుకుని లైను ఆగిన రోజున కాంట్రాక్టు దానంతటదే రద్దవుతుందని వాళ్ల కాగితాల్లో రాసి ఉంది. వాళ్లకు సూపర్‌వైజరు బాలమణి. పదహారేళ్లుగా ఆ కాగితం మీద ఏడాదికోసారి సంతకం పెడుతూ వచ్చిన మనిషి.

"నలభై దినాలు అయినంక మేమేడికి పోవాలె మేడం?" అని బాలమణి మా డిజైన్ ఇంజనీరు కుముదినిని అడిగింది.

కుముదిని మా సంస్థలో చేరి మూడేళ్లే అయింది. ఇంకా పని చేయాలన్న ఆత్రం తగ్గలేదు. "ఎక్కడికీ పోవక్కర్లేదు. నేను చూసుకుంటాను" అనేసింది. అలాంటి మాట మా సంస్థలో ఎవరైనా అనడం నేను వినడం అదే మొదలు.

అన్నట్టే వారం తిరక్కుండా వేరే కంపెనీ ప్రాసెసర్ పట్టుకొచ్చింది. పాతదానికంటే డెబ్బై రెట్ల వేగం, సగం వేడి. దానికి తగ్గట్టు బోర్డు కూడా తనే మార్చి గీసింది. ఆ అమ్మాయి ఆనందం చూస్తే నాకే ముచ్చటేసింది. అయినా నా ధర్మం కాబట్టి నిబంధనల పుస్తకం తీసి పదకొండో నిబంధన చూపించాను.

ఈ పుస్తకం గురించి రెండు మాటలు చెప్పాలి. మా సంస్థ పుట్టకముందు ఇదే షెడ్డులో తూనికరాళ్లు పోతపోసేవారు. అరకిలో, కిలో, రెండు కిలోల ఇనప రాళ్లు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక షెడ్డు, గేటు, వాచ్‌మన్ కుర్చీ, నిబంధనల పుస్తకం మాకు సంక్రమించాయి. పుస్తకంలో "రాయి" అని ఉన్న చోటల్లా కొట్టేసి "భాగము" అని రాసుకున్నారు. పదకొండో నిబంధన ఇలా ఉంటుంది: "ఒక భాగమునకు బదులుగా మరియొక భాగమును స్వీకరించునపుడు, బదులు భాగము మూల భాగముతో అన్ని విధముల సమానమై యుండవలెను. హెచ్చును, తగ్గును ఒక్కటే దోషముగా పరిగణింపవలెను."

కిలో రాయి గురించైతే ఇంతకంటే న్యాయమైన మాట ఇంకొకటి లేదు.

"అంటే ఎక్కువ వేగంగా ఉంటే తప్పా శివంగారూ?" అంది కుముదిని.

"కిలో రాయి కిలోంబావు తూగితే ఒప్పా అమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

సమానత్వ నిర్ధారణ కమిటీ వేశారు. అధ్యక్షులు జనరల్ మేనేజరు విశ్వంభరరావు గారు. ఆయన మాట్లాడితే మనిషి మాట్లాడినట్టుండదు, గెజిట్ చదివినట్టుంటుంది. మంచినీళ్లు కావాలన్నా "దాహార్తి దృష్ట్యా తగు చర్య తీసుకొనవలసినది" అంటారు. సభ్యులుగా యూనియన్ నాయకుడు జంగయ్యనీ, క్యాంటీన్ మేనేజరునీ వేశారు. రాసుకోవడానికి నన్ను వేశారు.

మొదటి పరీక్ష వేగం. పాత కంప్యూటర్ స్విచ్చి వేస్తే తెర వెలగడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. దాన్ని మా సంస్థలో తెరుపు విరామం అంటారు. స్విచ్చి వేసి టీకి వెళ్లే హక్కు అది. పూర్వం ఎవరో మేనేజరు ఆ పదకొండు నిమిషాలూ కుర్చీలోనే కూర్చోవాలంటే, ఉద్యోగులు తొమ్మిది రోజులు సమ్మె చేసి సాధించుకున్నారు.

కుముదిని కొత్తదాని స్విచ్చి వేసింది. విశ్వంభరరావు గారు అలవాటు ప్రకారం కుర్చీలోంచి లేచారు. పూర్తిగా లేచి నిలబడేలోపల తెర వెలిగిపోయింది. ఆయన సగం లేచిన భంగిమలోనే ఆగిపోయి, దాన్ని చూసి, నన్ను చూసి, మెల్లగా కూర్చున్నారు.

"ఇది తెరుచుకొనుట కాదు, మీద పడుట" అన్నారు.

జంగయ్య బల్ల గుద్దాడు. "తొమ్మిది దినాలు ఎండల గూసుని సాధించిన హక్కు ఇది! గీ డబ్బా వచ్చి తొమ్మిది సెకన్లల్ల మింగేస్తదా? ఊకునేది లేదు!"

"జంగయ్యా, టీకి వెళ్లొద్దని కంప్యూటర్ అనట్లేదుగా. అది వెలిగాక కూడా వెళ్లొచ్చు" అంది కుముదిని.

"వెలిగినంక పోతే గది డ్యూటీ ఎగ్గొట్టుడైతది మేడం. వెలగకముందు పోతే హక్కు."

ఈ తేడా కమిటీకి వెంటనే అర్థమైంది. "వేగము: హెచ్చు. దోషము" అని రాసుకున్నాను.

కుముదిని గొడవ పడలేదు. వెనక్కి తీసుకెళ్లి రెండు రోజులు కూర్చుంది. తెర వెలిగించేముందు ఒకటి నుంచి కొన్ని లక్షల కోట్ల దాకా మనసులో లెక్కపెట్టుకోవాలని ఆ ప్రాసెసర్‌కి నేర్పింది. మొదటిసారి పది నిమిషాల యాభై సెకన్లకి వెలిగింది. తగ్గు కూడా దోషమే కాబట్టి మళ్లీ వెనక్కి పంపారు. మూడోసారికి సరిగ్గా పదకొండు నిమిషాలు. అధ్యక్షుల వారు టీ తాగొచ్చి, కుర్చీలో సర్దుకుని, కళ్లజోడు తుడుచుకుంటుంటే వెలిగింది. "సమానము" అన్నారు, ఎంతో ప్రేమగా.

అప్పటికి స్టోర్లో ఇరవై ఎనిమిది రోజుల సరుకుంది. బాలమణి రోజూ సాయంత్రం స్టోర్ కిటికీ దగ్గరకి వచ్చి ఎన్నున్నాయో కనుక్కుని వెళ్తోంది. వెళ్లి లైన్లో అందరికీ చెబుతోంది. వాళ్ల చేతులు మునుపటికంటే నెమ్మదిగా ఆడుతున్నాయని నేను గమనించాను, పైకి మాత్రం చెప్పలేదు.

రెండో పరీక్ష వేడి. తయారైన ప్రతి కంప్యూటర్నీ పరీక్ష గదిలో రెండు రోజులు ఆపకుండా నడిపి చూస్తాం. ఆ గదిలో ఎప్పుడూ రెండొందల కంప్యూటర్లు నడుస్తుంటాయి, లోపలికి వెళ్తే రొట్టెల బట్టీలోకి వెళ్లినట్టుంటుంది. సంస్థ పెట్టిన మొదటి ఏడాదే మా క్యాంటీన్ వాళ్లు ఒక సంగతి కనిపెట్టారు. పొద్దున ఎనిమిదింటికి పాలు తోడేసి కంప్యూటర్ల మీద గిన్నెలు పెడితే, పన్నెండున్నరకల్లా చాకుతో కోయొచ్చు అన్నంత గట్టి పెరుగు. చలికాలం ఇడ్లీపిండి కూడా అక్కడే పొంగుతుంది. మా కంప్యూటర్ల గురించి బయట ఎవరేమన్నా, మా పెరుగు తిన్నవాళ్లెవరూ ఇప్పటిదాకా వంక పెట్టలేదు.

కొత్త ప్రాసెసర్ పెట్టిన కంప్యూటర్ మీద గిన్నె పెట్టారు. పన్నెండున్నరకి కమిటీ అంతా వెళ్లి మూత తీసింది. క్యాంటీన్ మేనేజరు గరిటె ముంచి పైకెత్తాడు. ధారగా కారింది.

"పాలు పాలుగానే ఉన్నవి" అన్నారు విశ్వంభరరావు గారు, శవపంచనామా చేసే గొంతుతో. "ఈ సంస్థ ఉద్యోగుల మధ్యాహ్న భోజనమును పణముగా పెట్టి సాంకేతిక ప్రగతిని సాధింపజాలము."

"సార్, పెరుగు తోడుకోవడం ప్రాసెసర్ పని కాదు కదండీ" అంది కుముదిని.

"అది నిబంధనలో రాసి ఉన్నదా? అన్ని విధముల అని ఉన్నది. పెరుగు ఒక విధము."

ఆ అమ్మాయి గిన్నె మీద మూత పెట్టేసింది. తర్వాత నాతో, "శివంగారూ, దీన్ని చేసినవాళ్లు చల్లగా ఉంచడానికి ఎన్నేళ్లు కష్టపడ్డారో తెలుసా?" అంది. తెలియదన్నాను. అయినా వెళ్లి ఫ్యాను రెక్కలు సగం కోసేసింది. తెర వెలిగేముందే కాకుండా రోజంతా, తిరగేసి కూడా లెక్కపెట్టమని ప్రాసెసర్‌కి నేర్పింది. గాలి వెళ్లే కంతలకి కంబళి ముక్కలు అంటించింది. బాలమణే తన ఇంటి నుంచి కంబళి తెచ్చి కత్తిరించి ఇచ్చింది.

నాలుగో రోజు పన్నెండున్నరకల్లా పెరుగు తోడుకుంది. బాలమణి గిన్నె తలకిందులు చేసి చూపించింది. ఒక్క చుక్క కారలేదు. పరీక్ష గదిలో చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఆ పదిహేను రోజుల్లో నాలో ఏదో తేడా వచ్చింది. పొద్దున్నే ఆఫీసుకి రావాలనిపించేది.

ఇంకా పదమూడు రోజుల సరుకుంది.

మూడోది అసలైన పరీక్ష. మా పాత కంప్యూటర్ మధ్యాహ్నం మూడు నలభైకి బిగుసుకుపోతుంది. తెర మీద ఏదుంటే అదే ఉండిపోతుంది. అప్పుడు ఎడమ పక్కన అరచేత్తో మూడు దెబ్బలు తట్టాలి. దానికి మా సంస్థలో ప్రత్యేకంగా సిస్టం తట్టు అటెండర్ అనే ఉద్యోగముంది. దాని మీద సీనియర్ తట్టు అటెండర్, ఆ పైన హెడ్ తట్టు అటెండర్. ఆ హెడ్డు జంగయ్యే.

కొత్త కంపెనీ ప్రతినిధిని పిలిపించి, మీ ప్రాసెసర్ రోజూ మూడు నలభైకి బిగుసుకుపోతుందని హామీపత్రం రాసివ్వమన్నారు విశ్వంభరరావు గారు. మెడలో టై కట్టుకుని వచ్చిన కుర్రవాడు. ముందు నవ్వాడు. కమిటీలో ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"సార్, మాది బిగుసుకుపోదండీ. అదే మా గొప్ప."

"మీ గొప్ప మీ యింట ఉంచుకొనుడు. పద్దెనిమిది మంది తట్టు అటెండర్ల భవిష్యత్తు ఏమి కావలెను?"

అతను బయటికి వెళ్లి వాళ్ల హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. కిటికీలోంచి వినపడుతోంది. "కాదు సార్, పాడవ్వాలంట... అవును సార్, టైం ప్రకారం... లేదు సార్, నేను తాగలేదు." అట్నుంచి అటే బస్టాండుకి వెళ్లిపోయాడని వాచ్‌మన్ చెప్పాడు. కుముదినే మళ్లీ కూర్చుంది. మూడు నలభైకి బిగుసుకుపోవడం గంటలో నేర్పేసింది. దెబ్బలకి తేరుకోవడం కోసం ఎడమ రేకు లోపల స్ప్రింగు బిగించింది. జంగయ్యని పిలిచి తట్టమంది.

మొదటి దెబ్బకే తేరుకుంది. జంగయ్య మొహం చిన్నబోయింది.

"గిట్ల కాదు మేడం. మొదటిది ఊరికె పిలిచినట్టు. రెండోది జర గట్టిగ. మూడోది కోపంగుండాలె. కోపం లేకుంటె లేవొద్దు. లేకపోతె నా సర్వీసుకు ఇజ్జత్ ఏముంటది?"

కుముదిని పకపకా నవ్వింది. మేమందరం కోపం ఎంత ఉండాలో చూడటానికి ఒకరి తర్వాత ఒకరం తట్టాం. బాలమణి తట్టింది. నేను తట్టాను. నా దెబ్బకి లేవలేదు. "సారుకు కోపం తక్కువ" అని బాలమణి అంది, స్ప్రింగు నా చేతికి సరిపడా కాస్త వదులు చేద్దామా అని కూడా అడిగింది. డెబ్బై రెట్ల వేగమున్న ప్రాసెసర్ని పాడు చేస్తున్నామన్న సంగతే మర్చిపోయి పెళ్లింటి హడావిడిలా పనిచేశాం.

ఆఖరి పరీక్షనాటికి రెండు రోజుల సరుకు మిగిలింది. రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి ఎర్ర గుడ్డలు కప్పారు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఏది ఏదో కుముదినికి తప్ప ఎవరికీ తెలియదు. రెండూ పదకొండు నిమిషాలకే వెలిగాయి. రెంటి మీదా పెరుగు తోడుకుంది. విశ్వంభరరావు గారు రెంటినీ రుచి చూసి, అనుమానం తీరక కుడిదాన్ని మళ్లీ రుచి చూశారు. మూడు నలభైకి రెండూ బిగుసుకుపోయాయి. జంగయ్య రెంటినీ మూడేసి తట్టాడు. రెండూ మూడో దెబ్బకే లేచాయి.

"ఏది పాతదో చెప్పగలరా?" అంది కుముదిని.

కమిటీ గుసగుసలాడింది. చెప్పలేమని ఒప్పుకుంది. అధ్యక్షుల వారు లేచి నిలబడి, "బదులు భాగము మూల భాగముతో అన్ని విధముల సమానమని ఈ కమిటీ ఏకగ్రీవముగా ధ్రువీకరించుచున్నది" అని చదివి సంతకం పెట్టారు. తలుపు దగ్గర నిలబడ్డ బాలమణి కొంగుతో కళ్లొత్తుకుంది. జంగయ్య ఈల వేశాడు. కుముదిని నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

విశ్వంభరరావు గారు ఇంకా కూర్చోలేదు.

"రెండవ అంశము" అన్నారు. "కొనుగోలు ఆవశ్యకత. కొత్త భాగము పాత భాగముతో అన్ని విధముల సమానమైనందున, ఏ విషయమునందును ఇసుమంతయు తేడా లేనందున, మార్పు వలన సంస్థకు కలుగు ప్రయోజనమేమియు లేదు. ప్రయోజనము లేని మార్పు అనవసరము. కావున పాత ప్రాసెసర్‌నే కొనసాగించవలెనని తీర్మానించడమైనది. సభ ముగిసినది."

కుముదిని నా చెయ్యి వదిలేసింది.

"సార్!" అంది కుముదిని. "పాతది దొరకదు సార్! దొరకదనే కదా ఇదంతా!"

"అది సరఫరా విషయము. ఈ కమిటీ పరిధి సమానత్వము వరకే" అన్నారాయన, ఎంతో సౌమ్యంగా. నిజానికి ఆయనకి ఆ అమ్మాయంటే అభిమానమే. వెళ్తూ వెళ్తూ, "పెరుగు చాలా బాగున్నదమ్మా" అని కూడా అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి ప్రాసెసర్ బిగించారు. లైను ఆగింది. అరవై రెండు మంది చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. లైను ఆగిందని సోమవారం రిపోర్టులో రాస్తే చాలు, వాళ్ల కాంట్రాక్టులు వాటంతటవే పోతాయి. ఆ రిపోర్టు రాయాల్సింది నేనే.

కుముదిని తన గదిలో తలుపేసుకుంది. బాలమణి నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. తిట్టలేదు, బతిమాలలేదు. "సారూ, టిఫిన్ డబ్బాలు, చెప్పులు అన్నీ సోమారం పట్కపోతం. ఇయ్యాల సంచులు తేలె" అని చెప్పి వెళ్లిపోయింది. నేను తెల్ల కాగితం తీశాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి నా బుర్రతో నాలుగు ముక్కలు రాశాను.

"ప్రాసెసర్ విషయమై తగు నిర్ణయము వెలువడునంతవరకు, సదరు భాగము మినహా మిగిలిన నిర్మాణము యథావిధిగా కొనసాగించుటకు అనుమతి కోరడమైనది. ఇందు కొత్త భాగమేదియు వాడబడనందున పదకొండో నిబంధన వర్తించదు."

ఫైలు పావుగంటలో తిరిగొచ్చింది. కమిటీ లేదు, పరీక్ష లేదు. "పాత భాగము లేదు, కొత్త భాగము లేదు. పోల్చదగినదేమియు లేనందున ఆక్షేపణ లేదు" అని విశ్వంభరరావు గారు పచ్చ సిరాతో రాశారు.

సోమవారం లైను మొదలైంది. బోర్డు బిగిస్తారు, ప్రాసెసర్ ఉండాల్సిన ఖాళీ మీద ఫ్యాను బిగిస్తారు, నాలుగు మరలు తిప్పి రేకు మూస్తారు. తయారైనవి గోడౌన్లో ఉంటాయి, ప్రాసెసర్ వచ్చాక పెట్టుకోవచ్చు కదా అనుకున్నాను. కానీ పరీక్ష గది వాళ్లు రెండు రోజులుంచి, ఒక్కటి కూడా బిగుసుకుపోలేదని ముద్ర వేశారు. రవాణా వాళ్లకి రోజుకి వంద పంపాలని లక్ష్యముంది, పంపేశారు. తెలిసి కూడా, ఆపమని రాయడానికి నేను పెన్ను కదపలేదు. పెరుగు తోడుకోవడం లేదని క్యాంటీన్ వాళ్లు పాల వ్యానతని దగ్గర కొనడం మొదలుపెట్టారు. తట్టు అటెండర్లు మాత్రం మూడు నలభైకి అలవాటు కొద్దీ ఒకసారి తట్టి వస్తున్నారు.

నేను రోజూ ప్రాచీన పత్రాల పరిరక్షణ శాఖ నుంచి ఉత్తరం కోసం ఎదురుచూశాను. ఉద్యోగం పోయే ఉత్తరం ఎంత పొడుగుంటుందో అని ఊహించుకునేవాణ్ని. మూడు నెలలకి వచ్చింది. విప్పకుండానే కుముదిని గదికి తీసుకెళ్లి, ఆమెనే చదవమన్నాను.

"తాము ఈ త్రైమాసికమున పంపిన ఆరు వేల కంప్యూటర్లు అందినవి. అన్ని జిల్లా కార్యాలయములందు ప్రతిష్ఠించడమైనది. ఇదివరకటివలె శబ్దము చేయుట, వేడెక్కుట, బిగుసుకుపోవుట ఎచ్చటను లేవు. విద్యుత్తు ఆదా అగుచున్నది. సిబ్బంది నుండి ఒక్క ఫిర్యాదైనను లేదు. మా కార్యాలయ పనులు ఎప్పటివలెనే సాగుచున్నవి. మరి పదివేలు ఇదే రకము పంప ప్రార్థన."

కుముదిని దాన్ని రెండుసార్లు చదివింది. చదివి బల్ల మీద పెట్టి, దాని మీద తల పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో భుజాలు చూస్తే తెలియలేదు.

కబురు ఎలా తెలిసిందో బాలమణి తలుపు దగ్గరకి వచ్చింది. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

"కాయితం వచ్చెనంట గద సారూ. మల్ల ఆర్డరున్నదా?"

"ఉంది బాలమణీ. పదివేలు."

"గిది అయిపోతే మల్లెప్పటికుంటదో పని" అంది. పదహారేళ్ల అలవాటు, ఎప్పుడూ అదే భయం. "ఈసారి ఎన్ని దినాలకు అయిపోతది సారూ సరుకు?"

కుముదిని తల ఎత్తకుండానే చెప్పింది.

"అయిపోదు బాలమణీ. అయిపోవడానికి మనం లోపల ఏం పెడుతున్నాం?"

బాలమణికి ఒక క్షణం పట్టింది. తర్వాత ఆమె మొహం విప్పారింది. లైను వైపు పరుగెత్తింది. అటునుంచి కేకలు, ఈలలు, రేకు డబ్బాల మీద దరువులు వినపడ్డాయి. నాకు సంతోషమూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. రెంటిలో ఏది ముందు పోతుందోనని కాసేపు అక్కడే నిలబడి, తర్వాత పదివేల కంప్యూటర్లకి మరలు ఆర్డరు పెట్టడానికి నా బల్ల దగ్గరకి వెళ్లాను.